అందరూ ఒక్కటే సరే, మరి నా సంగతి?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి చైతన్యపురి వైపు నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ప్లే స్కూళ్ల బోర్డులు తగులుతుంటాయి. వాటిలో ఎల్‌కేజీ పిల్లలు చేతులు తిప్పుతూ పాడే ఇంగ్లిషు రైము ఒకటుంది. బుగ్గలు బూరెల్లా, పెదాలు గులాబీల్లా, జుట్టు ఉంగరాలుగా, ఒళ్లు తెల్లగా, కళ్లు నీలంగా ఉన్న పాప టీచరు గారికి ముద్దుల పాప అని దాని సారాంశం. పాడుతున్న పిల్లల్లో ఒక్కరికీ నీలికళ్లుండవు, పాడించే మిస్‌కూ ఉండవు. అయినా ఆ పాట ఏటా కొత్త బ్యాచ్‌కి ఎక్కుతూనే ఉంటుంది. దాన్ని రాసినవాళ్లు మన పిల్లల్ని చిన్నబుచ్చాలని రాసి ఉండకపోవచ్చు. తెలిసీ మానని వాళ్లం మనమే.

పిల్లలందరూ సమానమేనని, ఎవరు ఎలా ఉంటే అలాగే ఉండొచ్చని చెప్పే పాటలు తెలుగులో ఏమున్నాయి, వాటిలో పిల్లల నోటికి చేరుతున్నవేవి అని లెక్క చూసుకుంటే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొదటి మాట చెప్పే పాటలు మన దగ్గర బోలెడున్నాయి. రెండో మాట చెప్పేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరూ ఒక్కటే అనడానికి మనకు నోరు బాగానే వస్తుంది. నువ్వు వేరేగా ఉన్నా ఏం ఫర్వాలేదు అనే దగ్గరే గొంతు పట్టుకుంటుంది.

ఈ తేడా తూర్పు హైదరాబాదులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదేమో. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఎల్బీనగర్ వేరే మున్సిపాలిటీ. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు నగరంలోకి అడుగుపెట్టేది ఇక్కడే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ముందు ఇల్లు వెతుక్కునేది కొత్తపేట, నాగోల్, వనస్థలిపురం, కర్మన్‌ఘాట్‌లలో. దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడా కుటుంబాలూ ఉన్నాయి. ఒకే బెంచీ మీద 'వచ్చిండు' అనే పిల్లాడు, 'వచ్చాడు' అనే పిల్ల, ఇంట్లో లంబాడాల గోర్ బోలీ మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్లాడు కూర్చుంటారు. వీళ్లంతా పొద్దున అసెంబ్లీలో ఒకే గొంతుతో పాడతారు. ఒకే గొంతుతో పాడించడం మనకు బాగా వచ్చు.

ఆ ఒక్క గొంతుకు చరిత్ర పెద్దదే. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య కట్టిన 'బ్రహ్మమొక్కటే' కీర్తన ఇవాళ స్కూలు యానివర్సరీల్లో కోలాటానికీ, శాస్త్రీయ నృత్యానికీ కూడా వాడుతున్నారు. రాజు నిద్ర, బంటు నిద్ర రెండూ నిద్రేనన్న ఊహ అందులో ఉంది. ఆ ఊహకు ఇప్పటికీ తిరుగులేదు. కులం గొప్పల్ని ఎగతాళి చేసిన వేమన పద్యాలు పలక పట్టిన రోజుల్లోనే రాగం తీసి వల్లెవేయిస్తారు, అర్థం మాత్రం చాలామందికి పాతికేళ్లకు తెలుస్తుంది. 1910 ప్రాంతంలో గురజాడ దేశమంటే మనుషులేనని పాట కట్టాడు, ఆ తర్వాత మనిషిని కులంతో కాక మంచితనంతో కొలవమన్నాడు. ఇక రోజూ చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ ఉంది. 1962లో దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్గొండ జిల్లా అన్నెపర్తి, అంటే ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కితే వెళ్లే దారే. అది వచనమే అయినా పిల్లలు దాన్ని చదవరు, పాడతారు. ఏ బడికి వెళ్లి విన్నా ఒకే దీర్ఘం, ఒకే విరుపు.

వీటన్నిటిలో ఒక సుఖముంది. ఎవరూ అభ్యంతరం చెప్పరు. అందరూ అన్నదమ్ములే అని పాడిన పిల్లాడు మధ్యాహ్నం పక్కవాడి టిఫిన్ బాక్సు ముట్టుకోకపోయినా పాటకు వచ్చిన నష్టం లేదు. అలాగని వీటిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పునాది ఇదే. కాకపోతే పునాది దగ్గరే వందేళ్లుగా ఆగిపోయాం.

పాట పెద్దలదే అయినా మైకు పిల్లల చేతికిచ్చినవాళ్లు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే చాలు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు చేస్తూనే 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లో మకాం హైదరాబాదుకు మార్చారు, బాలానందం నారాయణగూడ ప్రాంతంలో వేళ్లూనుకుంది. అక్కడ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి పాడేవాళ్లు, కలిసి నాటకం వేసేవాళ్లు. పాడేది పిల్లలే, తప్పు పాడేదీ పిల్లలే. ఆ తప్పులు గాలిలో అలాగే వెళ్లేవి. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తర్వాతి తరంలో హైదరాబాదు కేంద్రంలో తురగా జానకీరాణి ఆ పని అందుకున్నారు. పరిమితి కూడా ఉంది. ఆ పాటల భాష చాలావరకు కోస్తా చదువుకున్న ఇళ్ల భాష. కొత్తపేట పిల్లాడు ఇంట్లో మాట్లాడే మాట అందులో అరుదు. నీ సంతోషం పాడు అన్నారు గానీ నీ యాసలో పాడు అనలేదు. ఆ కాలానికి ఆ ఆలోచనే లేదు.

సినిమాకు వస్తే, పిల్లల పాటల పేరుతో వచ్చినవాటిలో సగం పెద్దలు పిల్లల్ని చూసి మురిసిపోయే పాటలు. పిల్లలు దేవుడితో సమానమని పాడితే పిల్లలకు ఒరిగేదేమీ లేదు, దేవుడిలా కుదురుగా కూర్చోవలసిన పని తప్ప. అందులోంచి విడిగా నిలబడ్డ పాట ఒకటుంది. 1970ల తొలినాళ్లలో వచ్చిన 'బాలమిత్రుల కథ' కోసం సి. నారాయణరెడ్డి రాసి, సత్యం సంగీతంలో ఎస్. జానకి పాడిన గున్నమామిడి కొమ్మ పాట. ఒక కొమ్మ మీద రెండు గూళ్లు, ఒకదాంట్లో చిలక, ఇంకోదాంట్లో కోయిల. ఈ పాటలో నాకు గొప్పగా తోచేది స్నేహం సంగతి కాదు, దానికి ముందు మాట. చిలక రంగు వేరని, కోయిల రంగు వేరని పాట ముందే ఒప్పుకుంటుంది. నల్లటి పిట్టను నలుపేనంటుంది. ఆ తర్వాతే రెంటికీ కుదిరిన స్నేహం ఎత్తుకుంటుంది. గూళ్లు కూడా రెండే ఉంచింది, కలిపి ఒకటి చెయ్యలేదు. అందరూ ఒక్కటే అనే పాటలకీ దీనికీ ఉన్న తేడా అక్కడుంది. జానకి గొంతు కూడా పిల్లగొంతుకు దిగి పాడింది కాబట్టి పాఠం చెబుతున్నట్టు అనిపించదు. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ స్కూలు స్టేజీల మీద ఆ పాట బతికుందంటే ఊరికే కాదు.

1996లో గుణ్ణం గంగరాజు తీసిన 'లిటిల్ సోల్జర్స్' ఇంకో దారి పట్టింది. శ్రీ బాణీలకు సిరివెన్నెల రాసిన ఆ పాటల్లో పిల్లలు అల్లరి చేస్తారు, పెద్దల్ని ప్రశ్నలతో తినేస్తారు. బుద్ధిమంతుల వేషం వేయరు. ఆ దారిలో తర్వాత పెద్దగా ఎవరూ నడవలేదు.

సినిమాకంటే ముందున్నది అమ్మమ్మల పాట. దాన్ని చింతా దీక్షితులు, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఏరి పుస్తకాలకెక్కించారు, బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీదే పరిశోధన చేశారు. జానపదం అనగానే అమాయకం, పవిత్రం అనుకోవడం మనకో అలవాటు. బుర్రుపిట్ట పాట తీసుకోండి. ఆ పిట్ట కాపురం చెయ్యనంటుంది. అత్త పెట్టిన కొత్త చీర వద్దంటుంది, మామ తెచ్చిన పూలు వద్దంటుంది. ఇంత ఎదురుతిరిగిన పిట్ట చివర్లో మొగుడి చేతి మొట్టికాయ మాత్రం తింటానంటుంది. మూడేళ్ల పిల్లలు చప్పట్లు కొడుతూ పాడతారు, అమ్మలు ఫోన్లో వీడియో తీస్తారు.

చైతన్యపురిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో ఎండాకాలం సెలవుల్లో నడిచిన పాటల క్లాసులో ఈ పాట నేర్పుతుండగా చూశాను. చివరికొచ్చేసరికి ఏడెనిమిదేళ్ల పిల్ల చెయ్యెత్తి, "గదేంది టీచర్, అన్నీ వద్దన్నది, దెబ్బలెందుకు తింటనన్నది?" అంది. టీచరు కాసేపు తడబడి, "మరి నువ్వైతే ఏమనిపిస్తావ్?" అని అడిగింది. క్లాసు క్లాసంతా లేచింది. పిట్టను పుట్టింటికి పంపినవాళ్లున్నారు, మామిడి చెట్టెక్కించినవాళ్లున్నారు. ఒకమ్మాయి స్కూటీ కొనిచ్చింది. ఒక పిల్లాడు మాత్రం, "మొగుడు గూడ ఒక మొట్టికాయ తినాలె," అని లెక్క సరిచేశాడు. అది సమానత్వమా అంటే కాదు గానీ చర్చ మొదలైందని ఒప్పుకోవాలి. టీచరు పాత పాటను మాన్పించలేదు. చివరి మాట ఒక్కటి రోజుకో పిల్ల మార్చి పాడేలా వదిలేసింది. అచ్చులో పడకముందు జానపదం అలాగే నడిచింది. రామరాజు గారి తరం రాసుకునే నాటికి ఒక్కో పాటకు ఊరికో రూపం ఉండేది.

తెలంగాణ పాటకు పిల్లల మీద ఇంకో రకం చూపుంది. ఉమ్మడి నల్గొండ జిల్లా సుద్దాలకు చెందిన సుద్దాల హనుమంతు సాయుధ పోరాట కాలంలో పసుల కాపరి పిల్లాడి మీద కట్టిన పాట తర్వాత 'మా భూమి' సినిమాతో ఊరూరా తెలిసింది. పాలు మానిన వయసులోనే పశువుల వెంట నడవాల్సి వచ్చిన పిల్లాడది. ఆ పాట పిల్లాణ్ణి చూసి జాలిపడి ఊరుకోదు, వాణ్ణి మొనగాడంటుంది. బానిస బతుకులో ఉన్నవాడి మొహం మీదే ఆ మాట అనడం వాడికి గౌరవమిచ్చినట్టు. నా దృష్టిలో పిల్లల సమానత్వం మీద తెలుగులో వచ్చిన పాటల్లో దీన్ని మించింది లేదు. ఇది పిల్లల పాటల పుస్తకాల్లో కనబడకపోవడం విడ్డూరం. అందులో పేదరికం ఉంది కాబట్టి పిల్లలకు వద్దనుకున్నారేమో. పేదరికం పిల్లలకు తెలియదనుకునేవాళ్లు సరూర్‌నగర్ వీధుల్లో ఒక పొద్దున నడిచి రావాలి.

ఎల్బీనగర్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే 1991 నుంచి ఎంవీ ఫౌండేషన్ పని మొదలుపెట్టింది. బడికి వెళ్లని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని వాళ్ల వాదన. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్షరాస్యత ఉద్యమం కళాజాతాల్లో పాట ముందు నడిచిన రోజులు కూడా ఆ తొంభైలవే. ఆ పాటల్లో చాలావాటికి ఆయుష్షు తక్కువ. ప్రభుత్వ పథకం పేరు పాటలో పెడితే పథకంతోపాటే పాటా పోతుంది. నిలిచింది మాత్రం అమ్మాయిలు తమ గొంతుతో పాడుకున్నవి. గోదావరిఖని నుంచి వచ్చిన మధుప్రియ చిన్నపిల్లగా ఉన్నప్పుడు టీవీలో 'ఆడపిల్లనమ్మా' పాడితే తెలంగాణ పల్లెల్లో అది తెలియని ఇల్లు లేదు. ఆడపిల్లనని బాధపడకు అని ఓ చిన్నపిల్లే అమ్మకు చెప్పడం దాని బలం. ఆ యాసను ఎవరూ సరిదిద్దలేదు, సరిదిద్దితే ఆ పాట మిగిలేది కాదు.

యాస సంగతి ఇక్కడ పెద్దదే. చాలా ప్రైవేటు బడుల్లో 'వచ్చిండు'ను 'వచ్చాడు'గా దిద్దడం తెలుగు పీరియడ్లో సగం పని. శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లకూ ఇదే తిప్పలు. సినిమాల్లో చాలాకాలం ఈ యాసల్ని నవ్వుకే వాడారు కాబట్టి క్లాసులోనూ నవ్వే వస్తుంది. తెలంగాణ యాస మొదటి నుంచీ తలెత్తుకుని తిరిగిన చోటు బతుకమ్మ. దానికి ముందు పెళ్లికాని ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మలో చిన్నపిల్లలే పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. లంబాడా అమ్మాయిలకు తీజ్ ఉంది. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు సొంత భాషలో పాడతారు. ఈ రెండింటిలోనూ వేదిక లేదు, ముందు వరస లేదు. గుండ్రంగా నిలబడితే ఎవరి గొంతు ఎంతుందో ఎవరికీ పట్టదు, రాగం తప్పినవాళ్లూ తిరుగుతూనే ఉంటారు. పిల్లలకు సమానత్వం మాటల్లో నేర్పడం కంటే ఇలా నిలబెట్టి నేర్పడం సులువని నా నమ్మకం.

వాయిద్యాల దగ్గర ఇంకా మొండి గోడలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల సంగీతం క్లాసుల్లో అమ్మాయిలు గాత్రం, అబ్బాయిలు తబలా, కీబోర్డు, డ్రమ్స్ అన్న పంపకం చాలావరకు అలాగే సాగుతోంది. ఎవరూ రూలు పెట్టలేదు, అమ్మానాన్నలు చేర్పించేటప్పుడే అలా చేర్పిస్తారు. డప్పు నేర్పే క్లాసు బోర్డు మాత్రం కనబడదు. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించి, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టి వాయించే ఈ వాయిద్యానికి శ్రుతి చేసే మరలుండవు. వాయించబోయే ముందు మంటకు చూపి తోలు బిగిసేదాకా కాచాలి. అది పిల్లలకు ఎంత సరదా పనో చెప్పక్కర్లేదు. చావుకీ జాతరకీ మాదిగవాడ డప్పు కావాలి, యానివర్సరీలో మాత్రం డప్పు పాటకు కూడా ఎలక్ట్రానిక్ ప్యాడే కావాలంటారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలతో డప్పు వేదిక ఎక్కిన తర్వాత కూడా ఇదే పరిస్థితి. డప్పు వాయించే కుర్రాడి చేతికే డప్పిచ్చి, వాడి పక్కన అపార్ట్‌మెంటు పిల్లల్ని నిలబెట్టి పాడిస్తే వేమన పద్యం వంద సార్లు వల్లించిన ఫలితం ఒక సాయంత్రంలో రాకపోతే నన్నడగండి.

బయట దేశాల్లో ఈ పనిని కావాలనే మొదలుపెట్టినవాళ్లున్నారు. 1972లో అమెరికా నటి మార్లో థామస్ 'ఫ్రీ టు బీ యు అండ్ మీ' అనే పాటల రికార్డు తెచ్చింది. అందులో ఏడిస్తే తప్పు లేదని పిల్లలకు చెప్పే పాటను పాడింది రోజీ గ్రియర్, కొండంత శరీరమున్న ఫుట్‌బాల్ ఆటగాడు. పాటకంటే పాడినవాడి ఎంపికే గడుసుగా ఉంది. బొమ్మ కావాలని అడిగే మగపిల్లాడి పాటా అందులో ఉంది. షికాగోలో ఎల్లా జెంకిన్స్ 1950ల నుంచీ పిల్లలతో ఒకరు అంటే మిగతావాళ్లు అందుకునే పాటలు పాడించింది, తెలుగులో మనం కోరస్ అందుకోవడం అంటామే, అదే. మన దేశంలో కమలా భసీన్ హిందీ, ఇంగ్లిషుల్లో ఇంటిపని అందరిదీ అనే ఊహ మీద పిల్లలకు పాటల్లాంటి పద్యాలు రాసింది. వాటిలో నాన్న వంట చేస్తాడు, అమ్మ పేపరు చదువుతుంది, ఎవరూ ఆశ్చర్యపోరు. ఏడ్చే మగపిల్లాడి మీద, వంటింట్లో నాన్న మీద అలాంటి ధైర్యం చేసిన తెలుగు పాట మన బడుల్లో వినబడదు. 'ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా' అనే మాట మాత్రం గట్టిగానే వినబడుతుంది.

మనవైపు నుంచి ఇంకో ఖాళీ కూడా ఉంది. ఎల్బీనగర్‌కు ముందు మెట్రో స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. నిజాం కాలంలో విక్టోరియా రాణి జ్ఞాపకార్థం పెట్టిన అనాథాశ్రమం పేరది. ఎన్నో తరాల పిల్లలు అక్కడ పెరిగారు. మన పిల్లల పాటల్లో ఎన్ని అమ్మానాన్నలు లేకుండా నడుస్తాయో వెతికి చూడండి. జోలపాట సరేసరి, లెక్కల పాటలో కూడా అమ్మ ఒకటి, నాన్న రెండు. హాస్టల్లో పెరిగే పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లాడు ఆ పాట పాడుతూ ఏమనుకుంటారో అడిగినవాళ్లు లేరు.

నలుపు సంగతికి మాత్రం వెతుక్కోనక్కర్లేదు. కృష్ణుణ్ణి వర్ణించే పోతన పద్యం నల్లనివాడనే మొదలవుతుంది, ఆ తర్వాతే మిగతా అందాలు. బమ్మెర పోతన రాసిన ఆ పద్యాన్ని రాగంతో చెప్పడం ఎల్‌కేజీ పిల్లకు కష్టమైతే రెండో తరగతిలో చెప్పించండి. అంతదాకా ఆ నీలికళ్ల రైము మాన్పిస్తే పిల్లల ఇంగ్లిషుకు వచ్చే లోటేమీ లేదు.

ఇప్పుడు పాటలు పిల్లలకు బడికంటే ముందు ఫోన్లోనే చేరుతున్నాయి. చెన్నైలో 2013లో మొదలైన చుచు టీవీ వంటి ఛానెళ్లు తెలుగులోనూ రైములు పోస్తున్నాయి. వీటిలో చాలావాటి తెలుగు ఏ ఊరిదీ కాదు. టీవీ పోటీల్లో పిల్లలు పెద్దల విరహగీతాలు పాడి మెప్పిస్తారు. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో మొదలైన 'పాడుతా తీయగా' వల్ల సంగీతం నేర్పించాలన్న కోరిక ఇంటింటికీ పాకింది, అది నిజమైన మేలే. కానీ ఏ పోటీలోనైనా పిల్లలు నేర్చుకునేది ఇంకొకరి గొంతును అచ్చు దించడం. ఎంత దగ్గరగా దించితే అన్ని మార్కులు.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో రేపటి టీచర్లు అద్దె గదుల్లో చదువుకుంటున్నారు. 2024లో 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ వేసినప్పుడు ఇక్కడి హాస్టళ్లలో మంచం దొరకడమే గగనమైంది. పెడగాజీ, పిల్లల మనస్తత్వం బిట్లుగా బట్టీపట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న ఎస్‌జీటీ టీచరు మొదటి రోజు ఒకటో తరగతికి వెళ్లి చెయ్యాల్సిన పని పాట పాడించడం. పోస్టింగు దేవరకొండ వైపు తండా బడికి వస్తే, ఆ పిల్లలకు ముందుగా కావలసిన పాట కోచింగ్ నోట్సులో దొరకదు. రెండో బెంచీలో కూర్చున్న తీజ్ ఆడిన పిల్లకు వచ్చు. అడిగితే పాడుతుంది. మొదటి రోజు సిగ్గుపడొచ్చు, రెండో రోజు మళ్లీ అడగాలి.